శోకమూ, దాని నడకా

శోకానికి ఒక వేగం ఉన్నదా? ఉన్నట్లయితే దానిని నిర్ణయించవలసినవాడు ఎవడు: శోకించేవాడా, చూచేవాడా? పైకి ఇది సంగీతశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నవలె కనిపిస్తుంది. కాని నిదానించి ఆలోచించినపుడు ఇది ధర్మాధర్మ విచారానికి చెందిన ప్రశ్న అని తేలుతుంది. ఇంటిలో మనిషి పోయినవాడు ఎన్నాళ్ళకు లేచి పనిలోకి రావలెను, ఎన్నాళ్ళు ఏడిస్తే లోకం మెచ్చుతుంది, ఎంత త్వరగా తేరుకుంటే లోకం వేలు చూపుతుంది అనే లెక్కలన్నీ వేగానికి సంబంధించిన లెక్కలే. ఆ లెక్కలు వేసేవారు సాధారణంగా దుఃఖం తగలనివారు.

కోల్‌కతాకు ఈశాన్యంగా వెలసిన న్యూ టౌన్ వంటి చోట ఈ ప్రశ్న మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ఒకనాడు అది రాజార్‌హాట్ ప్రాంతపు వరిపొలాలూ చేపల చెరువులూ ఉన్న నేల. 1999లో ఏర్పడిన హిడ్కో అనే ప్రభుత్వ సంస్థ చేతుల మీదుగా ఒక తరం గడవక ముందే అక్కడ విశాలమైన రహదారులు, ఎత్తైన భవనాలు, సమాచార సాంకేతిక సంస్థల కార్యాలయాలు లేచినవి. దానికి దక్షిణాన తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు ఉన్నవి. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన ఆ నేలలలో నేటికీ నీరు తన పూర్వపు మందగతితోనే పారుతున్నది. రెండు వేగాలు ఒకదాని ప్రక్కన ఒకటి కాపురం ఉంటున్నవి. పొలం విడిచిన రైతుకు కొత్త వీథి మీద నడక అలవాటయ్యేందుకు ఎంత కాలం పట్టినదో ఏ పటంలోనూ గుర్తు వేసి ఉండదు.

ఆ కార్యాలయాలలో ఒకదానిలో పనిచేసే ఒక తెలుగు యువకుడికి, గోదావరి ఒడ్డున ఉన్న స్వగ్రామం నుండి తండ్రి పోయిన వార్త వచ్చినదనుకొందాము. అతడు వెళ్తాడు, దహనం చేస్తాడు, పదవనాడూ పన్నెండవనాడూ జరిపించి తిరిగి వస్తాడు. మరునాడే బల్ల ముందు కూర్చుంటాడు. ఒకరు అతనిని చూచి, ఇంత త్వరగా వచ్చినాడే, గుండె రాయి కాబోలు అనుకొంటారు. రెండు నెలల తరువాత అతడు మాటల నడుమ ఒక్క క్షణం ఆగిపోతే ఇంకొకరు, ఇంకా అదే ఆలోచనలో ఉన్నాడే అనుకొంటారు. మొదటివానికి అతని నడక వేగంగా తోచినది. రెండవవానికి మందంగా తోచినది. నడిచేవానిని మాత్రం ఎవరూ అడుగలేదు.

ఈ న్యూ టౌన్‌లోనే రవీంద్రనాథ ఠాకూరు పేర రవీంద్రతీర్థమూ, కాజీ నజ్రుల్ ఇస్లాం పేర నజ్రుల్‌తీర్థమూ అనే రెండు సాంస్కృతిక నిలయాలు ఉన్నవి. వేగం కొరకు కట్టిన ఊరు తన నడుమ ఇద్దరు గేయకర్తల పేర్లు నిలుపుకొన్నది. వారిలో రవీంద్రుడు ఐరోపా సంగీతాన్ని యౌవనంలోనే విన్నవాడు. 1878లో ఇంగ్లండుకు వెళ్ళినపుడు ఆ పాటలు నేర్చినాడు. వాటి బాణీలు కొన్ని 1881నాటి వాల్మీకి ప్రతిభ అనే గేయనాటికలో ప్రవేశించినవి. 1930లో జర్మనీలో ఆయన ఆల్బర్ట్ ఐన్‌స్టైన్‌తో సంభాషించినపుడు సంగీత ప్రసక్తి వచ్చినది. ఐరోపా సంగీతపు విశాల నిర్మాణం తనను కదిలిస్తుందనీ, స్వదేశ సంగీతం ఇంకా లోతుగా తాకుతుందనీ రవీంద్రుడు అన్నాడు. స్వరాల పొందికను ఇంపుగా వినడం మానవ స్వభావమా, లేక అలవాటు వలన వచ్చిన సమయమా అన్నది ఐన్‌స్టైన్ సందేహం. ఇద్దరూ ఆ సందేహాన్ని తీర్చలేదు. తీర్చకుండా విడిచిపెట్టడమే ఆ సంభాషణకు గౌరవం.

ఆ సందేహాన్ని శోకానికి అన్వయించి చూడవచ్చును. ఒక సంగీతఖండం విని ఇది విషాదం అని శ్రోత అన్నపుడు, ఆ విషాదం స్వరాలలో ఉన్నదా, లయలో ఉన్నదా, వినేవాని అలవాటులో ఉన్నదా? ఈ పరీక్షకు బీథోవెన్ ఏడవ సింఫనీలోని రెండవ భాగం కంటె తగిన ఉదాహరణ దొరకడం కష్టం.

సింఫనీ అనగా అనేక వాద్యాలు కలిసి పలికే నాలుగు భాగాల పెద్ద నిర్మాణం. ఆచారం ప్రకారం వాటిలో ఒకటి, తరచుగా రెండవది, విలంబ భాగం. బీథోవెన్ 1811, 1812 సంవత్సరాలలో రచించిన ఈ సింఫనీ 1813 డిసెంబరు 8న వియన్నాలో మొదటిసారి వినిపించినది. హనావు యుద్ధంలో గాయపడిన ఆస్ట్రియా, బవేరియా సైనికుల సహాయార్థం ఏర్పాటైన సభ అది. అప్పటికి వినికిడి చాలవరకు కోల్పోయిన బీథోవెన్ స్వయంగా వాద్యబృందాన్ని నడిపించినాడు. రెండవ భాగం ముగియగానే శ్రోతలు దానిని మళ్ళీ వాయించమని కోరినారు. నాటి నుండి నేటి వరకు అది శోకగీతంగానే ప్రసిద్ధి పొందినది. ఎందరో వాద్యబృంద నాయకులు దానిని మెల్లగా, శవయాత్ర వలె నడిపించినారు.

కాని బీథోవెన్ దాని తలమీద వ్రాసిన మాట అలెగ్రెట్టో. ఇటలీ భాష నుండి సంగీతానికి వచ్చిన ఆ మాటకు అర్థం కొంచెం చురుకుగా అని. అది విలంబాన్ని సూచించే మాట కాదు. మిగిలిన మూడు భాగాలు మరింత వేగంగా పరుగెత్తుతాయి గనుక ఇది విలంబ భాగం అనిపించుకొన్నది. విలంబం ఇక్కడ ఒక స్థానానికి పేరు, ఒక గతికి పేరు కాదు.

ఆ గతిని తెలుగు ఛందస్సు తెలిసినవారు తేలికగా పట్టుకొనవచ్చును. ఈ భాగమంతటా వినిపించే అడుగు ఇది: గురువు, లఘువు, లఘువు, గురువు, గురువు. ఒక భగణం, దాని వెంట ఒక గగం. రెండూ నాలుగు మాత్రల గణాలే. రెండూ కందపద్యంలో చెల్లే గణాలే. ఇంత సామాన్యమైన అడుగు మీద ఇంత పెద్ద శోకం నిలబడుతుందా అని మొదట ఆశ్చర్యం కలుగుతుంది. కాలికి బరువైన అడుగు ఒకటి, తేలికైనవి రెండు, మళ్ళీ బరువైనవి రెండు. మనిషి నడుస్తూ ఉన్నాడు. కాళ్ళీడుస్తున్నాడని చెప్పడానికి వీలు లేదు.

1815లో మేల్‌త్సెల్ అనే యంత్రకారుడు లయను కొలిచే మెట్రొనోమ్‌కు హక్కుపత్రం పొందినాడు. 1813 నాటి సభ ఏర్పాటులో పాలుపంచుకొన్నవాడు అతడే. 1817లో బీథోవెన్ తన సింఫనీలకు ఆ యంత్రం ప్రకారం అంకెలు ప్రకటించినాడు. ఏడవ సింఫనీ రెండవ భాగానికి ఆయన ఇచ్చిన అంకె నిమిషానికి 76 గురువులు. ఆయనే 1804 ప్రాంతాన ముగించిన మూడవ సింఫనీలో ఒక శవయాత్రా గీతం ఉన్నది. దానికి అడాజియో అస్సాయ్, అనగా మిక్కిలి మందంగా, అని పేరు పెట్టి, నిమిషానికి 80 లఘువులు, అనగా 40 గురువులు, నిర్ణయించినాడు. ఒకటి రెండవదానికి ఇంచుమించు రెట్టింపు వేగం. మెల్లని శోకాన్ని ఎలా వ్రాయవలెనో ఆయనకు తెలియక కాదు, వ్రాసి చూపినాడు. ఇక్కడ మాత్రం వేరొక శోకాన్ని వ్రాయదలచినాడు.

ఆ యంత్రం సరిగా పనిచేయలేదేమో అని సందేహించిన పండితులు లేకపోలేదు. ఆ సందేహాన్ని ఒప్పుకొన్నా, అలెగ్రెట్టో అనే మాట యంత్రం వ్రాసినది కాదు. మరొక విషయం కూడా గమనించదగినది. 76 అన్నది విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతుని నాడి కొట్టుకొనే సంఖ్యలలో ఒకటి. బీథోవెన్ నాడి పట్టి చూచి అంకె వేసినాడని దీని భావం కాదు. కాని మనిషి చనిపోయిన ఇంటిలో బ్రతికి ఉన్నవారి నాడి ఆగదు, మందగించదు. అది యథాప్రకారం కొట్టుకొంటూనే ఉంటుంది. ఆ సంగతే శోకించేవానిని కొన్నిసార్లు సిగ్గుపడేటట్లు చేస్తుంది.

వేగం అటుంచి శ్రుతిని చూద్దాము. సింఫనీ మొదటి భాగం, చివరి భాగం ఏ మేజర్‌లో ఉన్నవి. ఈ భాగం ఏ మైనర్‌లో ఉన్నది. కర్ణాటక సంగీతపు మాటలలో చెప్పవలెనంటే, షడ్జం మారలేదు. అంతర గాంధారం సాధారణ గాంధారమైనది. శంకరాభరణం పాడుతున్న కంఠం నఠభైరవి వైపు మళ్ళి, మధ్య మధ్య కాకలి నిషాదంతో కీరవాణిని తాకినది. ఇల్లు అదే, కిటికీ నుండి వచ్చే వెలుగు మారినది. ఈ మార్పునే ఐరోపా శ్రోత విషాదం అంటాడు.

అయితే సాధారణ గాంధారంలో విషాదం స్వభావసిద్ధంగా ఉన్నదా? త్యాగరాజు ఖరహరప్రియలో కృతులు రచించినాడు. ఆ రాగంలోనూ ఉన్నది సాధారణ గాంధారమే. వాటిని విని ఎవడూ ఇది విలాపం అనుకోడు. అటుచూస్తే, గ్లుక్ అనే సంగీతకర్త 1762లో రచించిన గేయనాటకంలో, భార్యను రెండవసారి పోగొట్టుకొన్న ఓర్ఫియస్ విలపించే గీతం సి మేజర్‌లో, అంటే శంకరాభరణపు స్వరాలలోనే ఉన్నది. 1854లో హాన్‌స్లిక్ అనే విమర్శకుడు ఈ గీతాన్నే ఎత్తి చూపి, సంతోషం వెల్లడించే మాటలు కూడా ఆ బాణీకి ఇమిడిపోతాయని వాదించినాడు. కాబట్టి స్వరస్థానం శోకానికి తలుపు తెరువవచ్చును గాని, అదే శోకం కాజాలదు.

మందగతి సంగతీ అంతే. క్షేత్రయ్య పదాలు విలంబకాలంలో సాగుతాయి. వాటి ప్రాణం శృంగారం. బీథోవెన్‌కు సమకాలికుడైన ముత్తుస్వామి దీక్షితులు శంకరాభరణంలో నిదానమైన నడకతో గొప్ప కృతులు రచించినాడు, అవి ధ్యానాలు. హిందూస్థానీ సంగీతంలో అతివిలంబ ఖయాలుకు పేరు తెచ్చిన ఉస్తాద్ అమీర్ ఖాన్ 1974లో కోల్‌కతాలోనే మోటారు ప్రమాదంలో మరణించినాడు. ఆయన ఝూమ్రా తాళంలో ఒక్కొక్క ఆవర్తాన్ని విశాలంగా పరచి పాడినపుడు శ్రోత దుఃఖించడు. ఒక స్వరం మరొక స్వరానికి దారి ఇచ్చే క్షణాన్ని కనిపెట్టి వింటాడు. విలంబం అవధానాన్ని కోరుతుంది. శోకం దానిలో చేరవచ్చును, చేరకపోవచ్చును.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. భరతముని నాట్యశాస్త్రంలో పాఠ్యానికి లయలు నిర్ణయిస్తూ, హాస్య శృంగారాలకు మధ్యలయ, కరుణకు విలంబితం, వీర రౌద్రాదులకు ద్రుతం అని విధించినాడు. కరుణకు విలంబితమే తగినదని అంత పూర్వులు నిశ్చయించిన తరువాత, వియన్నాలోని ఒక స్వరకర్త అంకె చూపి దానిని కాదనడం సబబేనా?

ఆక్షేపణను తోసివేయనక్కరలేదు, దాని పరిధిని తెలుసుకొంటే చాలును. భరతుడు చెబుతున్నది రసానికి. శోకం స్థాయిభావం, కరుణ రసం. శోకం పాత్రది, కరుణ సహృదయునిది. రంగస్థలం మీది శోకాన్ని ప్రేక్షకుడు ఆస్వాదించడానికి వ్యవధి కావలెను. ఆ వ్యవధి పేరే విలంబితం. తండ్రిని పోగొట్టుకొన్నవానికి ఆస్వాదన లేదు. అతడు కట్టెలు కొనవలెను, బంధువులకు కబురు పెట్టవలెను, తల్లిచేత రెండు మెతుకులు తినిపించవలెను. అతని శోకం ఈ పనులన్నింటి అడుగున నడుస్తుంది. భవభూతి ఉత్తరరామచరితంలో రాముని శోకం పుటం పెట్టిన మందువలె పైకి పొగ రానీయక లోపలనే ఉడుకుతున్నదని చెప్పబడినది. సీత లేని ఆ సంవత్సరాలలో రాముడు రాజ్యం చేస్తూనే ఉన్నాడు. ధర్మాసనం మీద కూర్చున్న రాముని చూచినవాడు దుఃఖం లేదనుకొంటే, ఆ లోపం చూపుది.

కాబట్టి ఈ సంగీతఖండాన్ని మెల్లగా వాయించేవారు భరతుని పక్షాన ఉన్నట్లే. వారు శ్రోత కోసం శోకాన్ని రసంగా వండి పెడుతున్నారు. అది అసత్యం కాదు, అపరాధమూ కాదు. కాని బీథోవెన్ వ్రాసిన గతిలో వాయించినపుడు శ్రోత ప్రేక్షకస్థానం నుండి లేచి ప్రక్కన నడవవలసి వస్తుంది. 1980లు, 1990లలో రోజర్ నారింగ్టన్, జాన్ ఎలియట్ గార్డినర్ వంటివారు పూర్వకాలపు వాద్యాలతో దీనిని రచయిత చెప్పిన గతికి దగ్గరగా వాయించినపుడు, దీనిలో శోకం పోయినదని కొందరికి తోచినది. న్యూ టౌన్ కార్యాలయంలో ఆ యువకుని చూచి గుండె రాయి అనుకొన్న సహోద్యోగి తీర్పు కూడా ఇటువంటిదే.

ఈ భాగపు నిర్మాణం మరొక మాట చెబుతుంది. మొదట సుషిర వాద్యాలు ఒక్క స్వరసంఘాతాన్ని బిగ్గరగా పలికి క్రమంగా సన్నగిలుతాయి. ఆ సంఘాతం షడ్జం మీద కాక పంచమం మీద నిలబడినది. కాలి క్రింద పీట కొంచెం కదులుతున్నట్లు ఉంటుంది. తరువాత మంద్రస్థాయి తంత్రీవాద్యాలు నడక ఆరంభిస్తాయి. మొదట స్వరం దాదాపు కదలదు. ఒక్కచోటనే తిరిగి తిరిగి పలుకుతుంది. రెండవ ఆవృత్తిలో దాని సరసన మరొక దీర్ఘమైన రాగరేఖ పుడుతుంది. క్రమంగా పై స్థాయి వాద్యాలు చేరి, చివరకు బృందమంతా ఒక్కసారిగా పలుకుతుంది. గణం మాత్రం మారదు. శోకం పెరిగినది, గతి పెరగలేదు.

అప్పుడు ఏ మేజర్ వస్తుంది. అంతర గాంధారం తిరిగి వచ్చినట్లు, క్లారినెట్లూ బసూన్లూ మెత్తని గీతాన్ని ఎత్తుకొంటాయి. వినేవానికి ఇక కష్టం తీరినదనిపిస్తుంది. కాని చెవి యొగ్గి క్రింద వింటే, మంద్ర తంత్రులు వ్రేలితో మీటుతూ అదే అడుగు వేస్తున్నవి: గురువు, లఘువు, లఘువు, గురువు, గురువు. ఓదార్పు వచ్చినది, నడక మారలేదు. ఈ సంగీతఖండంలో నీతి అనదగినది ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉన్నది. ఓదార్చేవాడు శోకించేవానిని ఆపలేదు, తొందరపెట్టలేదు, త్రోవ మళ్ళించలేదు. అతని అడుగు మీదనే తన పాట పాడినాడు. ఆ పాట కొంతసేపు సాగి తొలగిపోతుంది. మైనర్ తిరిగి వస్తుంది. పాట వచ్చినందువలన శోకం తగ్గినదని స్వరకర్త బుకాయించలేదు. పాట వ్యర్థమైనదని కూడా అనలేదు. కొంత దూరం పోయిన తరువాత ఆ మేజర్ గీతం మరొకసారి క్లుప్తంగా వచ్చి పోతుంది.

చివర నడక ముక్కలై, ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క తునక దక్కుతుంది. ఒకరు రెండు అడుగులు వేస్తే తరువాతి అడుగులు మరొకరు వేస్తారు. ఆపైన మొదట విన్న సంఘాతమే, పంచమం మీద నిలబడినదే, మళ్ళీ వినిపించి సన్నగిలుతుంది. బయలుదేరిన చోటికే చేరినట్లు ఉంటుంది. అయినా మధ్య నడిచిన దూరం అబద్ధం కాదు.

శోకానికి నడక ఉండవలెనన్న సంగతి పూర్వులకు తెలియదనలేము. తెలుగు ఇండ్లలో పదవనాడు, పన్నెండవనాడు, ఆపైన నెలకొక మాసికం, సంవత్సరాంతాన ఆబ్దికం అని కాలాన్ని గణాలుగా విభజించినారు. వంగదేశపు ఇండ్లలో అశౌచపు రోజుల లెక్క వర్ణాన్ని బట్టి మారుతుంది గాని, లెక్క లేని ఇల్లు అరుదు. ఈ కర్మలను నమ్మనివాడు కూడా వాటి లయను గమనించవచ్చును. అవి మనిషిని నిరంతరం ఏడ్వమని శాసించలేదు, ఏడుపు చాలించమని కూడా శాసించలేదు. తిథి వచ్చినపుడు ఆగి తలచుకొమ్మన్నవి. మిగిలిన రోజులలో పొలం దున్నుకొమ్మన్నవి. అయితే లోకం ఆ లయను కూడా కొలతబద్దగా మార్చుకొనగలదు. మాసికానికి రానివానికి ప్రేమ లేదనీ, వచ్చి నవ్వినవానికి సిగ్గు లేదనీ తీర్పు చెప్పగలదు. తాళం నడకకు ఆధారంగా ఏర్పడినది. దానిని కొరడా చేసినవారు మనుష్యులు.

వేగం విషయంలో రెండు తప్పులు ఉన్నవి. కొత్త నగరం చేసే తప్పు త్వరపెట్టడం: పని ఆగరాదు గనుక శోకం ఆగవలెనని అది అంటుంది. పాత సమాజం చేసే తప్పు నిలబెట్టడం: శోకం కనబడవలెను గనుక జీవితం ఆగవలెనని అది అంటుంది. పైకి విరుద్ధంగా కనిపించినా రెండింటి మూలం ఒక్కటే. రెండూ చూచేవాని సౌకర్యం కొరకు శోకించేవాని లయను మార్చజూస్తాయి. శోకంలో మునిగి నడక మరచినవాడు కూడా ఉంటాడు గదా, వానిని లేవనెత్తవద్దా అని అడుగవచ్చును. లేవనెత్తవలసినదే. కాని చేయి అందించడం వేరు, మెడపట్టి నడిపించడం వేరు. ఆ భేదం తెలియవలెనంటే ముందుగా అతని అడుగు ఏదో వినవలెను.

న్యూ టౌన్ వీథిలో సాయంకాలం కార్యాలయాలు విడిచేవేళ ఆ యువకుడు కూడా అందరితో పాటు నడుస్తాడు. అతని నడకలో ప్రత్యేకత ఏమీ కనబడదు. ప్రక్కన నడిచే మిత్రుడు ఒక్క నిమిషం తన మాటలు మాని, అతని అడుగుతో తన అడుగు కలిపితే చాలును. ఏమి మాట్లాడవలెనన్నది తరువాతి సంగతి.